ష్యూరిటీ బాండ్ ఎలా తీసుకోవాలి? సంతకం పెట్టే ముందు చదవాల్సిన కాగితం ఏది?

ప్రభుత్వ పనులకి టెండర్లు వేసేవాళ్లలో చాలామంది ష్యూరిటీ బాండ్‌ని ఇన్సూరెన్స్ అనుకునే తీసుకుంటారు. ప్రీమియం కట్టాం, రేపు ఏదైనా తేడా వస్తే కంపెనీయే చూసుకుంటుందని ధీమాగా ఉంటారు. అది తప్పు. బాండ్ ఇచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీయే అయినా దాని రక్షణ మీకు కాదు, మీకు పని అప్పగించిన ప్రభుత్వ శాఖకి. మీరు పని మధ్యలో వదిలేస్తే కంపెనీ శాఖకి డబ్బు కడుతుంది, కట్టిన ప్రతి రూపాయీ మళ్లీ మీ దగ్గరే వసూలు చేసుకుంటుంది. కింద చెప్పేదంతా ఇది బుర్రలో పెట్టుకుని చదవండి.

1. ఏ బాండ్ కావాలో చూడండి

టెండర్ పత్రంలోనే ఉంటుంది. పని దక్కాక వెనక్కి తగ్గనని చెప్పేది బిడ్ బాండ్, ఒప్పందం ప్రకారం పూర్తి చేస్తానని చెప్పేది పెర్ఫార్మెన్స్ బాండ్. అడ్వాన్స్ తీసుకుంటే దానికొకటి వేరేగా అడుగుతారు. సప్లయర్లకీ కూలీలకీ సబ్ కాంట్రాక్టర్లకీ డబ్బు అందుతుందని పూచీపడేది పేమెంట్ బాండ్. ప్రైవేటు భవనం కట్టినవాళ్లకి బాకీ పడితే చాలాచోట్ల ఆ ఆస్తి మీదే హక్కు కోరొచ్చు, ప్రభుత్వ ఆస్తి మీద అలా కుదరదు, అందుకే ఈ బాండ్ అవసరమైంది. అమెరికాలో 1935 నాటి మిల్లర్ చట్టం నిర్ణీత మొత్తం దాటిన ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిర్మాణాలకి పెర్ఫార్మెన్స్, పేమెంట్ బాండ్లు రెండూ విడివిడిగా అడుగుతుంది. భారత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలు ష్యూరిటీ బాండ్లు ఇవ్వడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

2. కాగితాలు సిద్ధం చేసుకోండి

ఆడిట్ అయిన లెక్కలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పూర్తి చేసిన పనుల సర్టిఫికెట్లు, చేతిలో ఉన్న పనుల జాబితా. ఈ చివరిదాన్నే అందరూ అలక్ష్యంగా రాస్తారు. ఒక్కో పనికీ విలువెంత, ఎంత ఖర్చయింది, ఎంత బిల్లయింది, ఇంకా ఎంత మిగిలింది అన్నీ ఉండాలి. కంపెనీ చూసేది మీ నడవడి, పని చేయగల సత్తా, ఆర్థిక బలం. ఈ మూడూ ఆ ఒక్క జాబితాలోనే బయటపడతాయి.

మీ తరఫున బ్యాంకే పూచీపడే బ్యాంక్ గ్యారంటీ ఉండగా ఇదంతా ఎందుకు అంటారు కొందరు. బ్యాంకు మార్జిన్ కింద మీ డబ్బు డిపాజిట్‌గా పట్టుకుంటుంది, మీ అప్పు లిమిట్‌లోంచి ఆ మేరకు కోత పడుతుంది, సిమెంటుకీ జీతాలకీ వాడుకోవాల్సిన సొమ్ము ఏళ్ల తరబడి కదలదు. శాఖ ఒప్పుకుంటే బాండే తీసుకోండి.

3. ఇండెమ్నిటీ అగ్రిమెంట్: ఇక్కడ ఆగండి

కంపెనీకి వచ్చే నష్టమంతా మీరే భరిస్తామని బాండ్ కంటే ముందు మీ చేత సంతకం పెట్టించుకునే ఒప్పందం ఇది. బాండ్ ఒకటి రెండు పేజీలుంటే ఇది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. టెండర్ గడువు రేపనగా ఇది చేతికొస్తే ఎవరూ చదవరు, టెన్షన్‌లో బాణం గుర్తులున్న చోటల్లా సంతకాలు పెట్టేస్తారు. అందుకే గడువుకి నెల ముందే ఈ కాగితం అడిగి తెచ్చుకోవాలి. నెల అంటే నెలే, వారం సరిపోదు.

మొదట చూడాల్సింది సంతకం ఎవరెవరిది అని. సంస్థ ఒక్కటే కాదు, యజమానుల్ని వ్యక్తిగతంగా, చాలాసార్లు భార్యనో భర్తనో కూడా అడుగుతారు. మీది పరిమిత బాధ్యత ఉన్న కంపెనీయే కావొచ్చు, వ్యక్తిగతంగా సంతకం పెట్టాక ఇల్లూ పొలమూ కూడా లెక్కలోకి వస్తాయి. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా, వాళ్లకి అర్థం కాకుండా వాళ్ల చేత సంతకం పెట్టించకండి. అది అన్యాయం.

రెండోది, ఈ ఒప్పందం సాధారణంగా ఈ ఒక్క బాండ్‌తో ఆగదు, ఆ కంపెనీ ఇక ముందు మీకిచ్చే బాండ్లన్నిటికీ వర్తిస్తుంది. భాగస్వామ్యంలోంచి తప్పుకున్నవాళ్లు కూడా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే ఇందులో ఇరుక్కునే ఉంటారు. ఇచ్చినా పాత బాండ్ల బాధ్యత పోదు.

మూడోది సెటిల్‌మెంట్ షరతు. క్లెయిమ్ వస్తే, మీ తప్పు లేదని మీరంటున్నా, కంపెనీ సదుద్దేశంతో రాజీ చేసుకుని డబ్బు కట్టేసి మీ దగ్గర వసూలు చేసుకోవచ్చని రాసి ఉంటుంది. కాబట్టి శాఖ నుంచి నోటీసు వచ్చిన రోజే మీ వాదనని ఉత్తరాలు, ఫొటోలు, కొలతల పుస్తకం నకళ్లతో సహా కంపెనీకి రాసి పంపాలి. ఫోన్‌లో చెప్పాం కదా అంటే చెల్లదు.

ఇంకా ప్రమాదకరమైనది పూచీ సొమ్ము షరతు. కంపెనీ ఇంకా పైసా కట్టకముందే, క్లెయిమ్ రాగానే తాను అంచనా వేసిన మొత్తాన్ని మీ చేత డిపాజిట్ చేయించుకోవచ్చు. డబ్బుకి కటకటగా ఉన్న సమయంలోనే ఇది మీద పడుతుంది. దీనికి పరిమితి పెట్టమని, జవాబిచ్చేందుకు కొన్నాళ్లు గడువు ఇమ్మని, ఉంటున్న ఇంటిని మినహాయించమని అడగండి. కొత్త కాంట్రాక్టర్‌కి అన్నీ దొరకవు, కానీ అడగకపోతే ఒక్కటీ దొరకదు. ఇలాంటి ఒప్పందాలు తెలిసిన లాయర్‌కి చూపించండి. ఏజెంట్ చెప్పింది విని ఊరుకోవద్దు, ఆయనకి కమిషన్ ఇచ్చేది కంపెనీ.

4. బాండ్ ముసాయిదా సరిపోల్చండి

శాఖ ఇచ్చిన నమూనాకీ మీ బాండ్‌కీ పేరు, మొత్తం, తేదీలు అక్షరం తేడా లేకుండా ఉండాలి. అడిగిన వెంటనే కట్టే రకమా, తప్పు రుజువయ్యాక కట్టే రకమా అన్నది కూడా చూడండి. కంపెనీకి బాండ్ ఇచ్చే అర్హత ఉందో లేదో ప్రభుత్వ జాబితాలోనే చూసుకోండి. అమెరికాలో ట్రెజరీ శాఖ అలాంటి జాబితా ప్రచురిస్తుంది. బాండ్ మీద అచ్చేసిన నంబర్‌కి ఫోన్ చేసి అడగడం తనిఖీ కాదు, దొంగ బాండ్ అయితే ఆ నంబరూ దొంగదే.

పని పెరిగినా గడువు పొడిగించినా కంపెనీకి రాయండి. పూర్తయ్యాక శాఖ నుంచి విడుదల పత్రం తీసుకుంటేగానీ ప్రీమియం, డిపాజిట్ లెక్క తేలదు.

ప్రజాధనం చేతిలో ఉండే ఉద్యోగులకి

క్యాషియర్లు, ట్రెజరర్లు ఇచ్చే బాండ్ వేరు. బాండ్ మొత్తాన్ని ఏడాది వసూళ్లని బట్టి కాదు, ఒకేసారి మీ చేతిలో గరిష్ఠంగా ఎంత ఉంటుందో దాన్ని బట్టి లెక్కేయాలి. కొన్ని బాండ్లు మోసానికీ దొంగతనానికీ మాత్రమే, కొన్ని విధినిర్వహణలో లోపానికి కూడా వర్తిస్తాయి, మీది ఏదో అడిగి తెలుసుకోండి. బదిలీ అయినప్పుడు కొత్తగా వచ్చినవాళ్ల ఎదుటే నగదు లెక్కబెట్టించి, ఇద్దరి సంతకాలతో ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. లోటు మీరు వెళ్లాక బయటపడినా మీ కాలానిదైతే అడిగేది మిమ్మల్నే.