మినీ బైక్: కొనాలా, కట్టుకోవాలా?

అమెరికాలో ఊరికి కాస్త దూరంగా రెండు మూడెకరాల ఇల్లు తీసుకున్న మన తెలుగువాళ్ళు ఈ మధ్య మినీ బైకుల గురించి, అంటే చిన్న చక్రాల బుల్లి మోటారు బళ్ళ గురించి, బాగా అడుగుతున్నారు. ఇదే మీ మొదటి బండి అయితే నా మాట ఒక్కటే: నడుస్తున్నది కొనండి, ఒక సీజనంతా తోలండి, ఏది చాలట్లేదో తెలిశాక ఆ భాగం మీదే డబ్బు పెట్టండి. ఫ్రేమ్ తెచ్చి మొదట్నుంచి కట్టుకుంటే చవకవుతుందని చాలామంది అనుకుంటారు గానీ చక్రాలు, ఇంజన్, క్లచ్, చైన్, బ్రేకు, కేబుళ్ళు అన్నీ విడివిడిగా కొనేసరికి కొత్త బండి ధర దాటిపోతుంది. కట్టడమే మీకు సరదా అయితే అది వేరే సంగతి. 1960ల నాటి రప్, టాకో కంపెనీల ఫ్రేములకి ప్రాణం పోయడంలో ఉన్న ఆనందం కొత్త బండిలో దొరకదు.

సైజు ముందు చూసుకోండి. కోల్‌మన్ కంపెనీ సీటీ100యూ 98 సీసీ, 150 పౌండ్ల లోపు వాళ్ళకే. పెద్దవాళ్ళు తోలాలంటే 196 సీసీ సీటీ200యూ తీసుకోండి, అది 200 పౌండ్ల వరకు మోస్తుంది. వెనక సస్పెన్షన్ ఉండదు, ఆ లావు టైర్లలో తక్కువ గాలి ఉంచితే అవే కుదుపుని తీసుకుంటాయి.

పాత బండి చూడ్డానికి వెళ్తే వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పండి. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) అటూ ఇటూ ఊగుతుంటే ఇరుసో బేరింగో పోయి ఉండొచ్చు. క్లచ్ డ్రమ్ము నీలం రంగుకి తిరిగి ఉంటే బాగా కాలిందని అర్థం. బండిని నేల మీద పెట్టి స్టార్ట్ చేయించండి, యాక్సిలరేటర్ ఇవ్వకుండానే ముందుకి లాగకూడదు. ఇంజన్ వేడెక్కాక కూడా సగం చోక్ వేస్తేనే నడుస్తోందంటే చాలాసార్లు కార్బొరేటర్ జెట్ (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉంటుంది, అది విప్పి కడిగితే తీరిపోయే పనే కాబట్టి భయపడకుండా ఆ వంకతో బేరం ఆడండి. ఫ్రేమ్ వెల్డింగుల దగ్గర పగులు కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకి ఇస్తామన్నా వద్దు.

కట్టుకునేవాళ్ళకి ఇంజన్ విషయంలో పెద్ద టెన్షన్ లేదు. హార్బర్ ఫ్రైట్ పనిముట్ల షాపుల్లో దొరికే ప్రిడేటర్ 212 ఇంజన్ హోండా జీఎక్స్200 ఇంజన్ పద్ధతిలో చేసినదే, పార్టులకి కొదవ లేదు. అసలు ఆలోచించాల్సింది క్లచ్ గురించి. చదునైన నేల మీద కాస్త వేగంగా తిరిగేవాళ్ళకి ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే మామూలు సెంట్రిఫ్యూగల్ క్లచ్ చాలు, చవక కూడా. గుట్టలు ఎక్కాలన్నా, మనిషి బరువున్నా, పిల్లల వెనక మెల్లగా తోలాలన్నా అది పూర్తిగా పట్టుకోక జారుతూ కాలిపోతుంది. అలాంటి చోట టార్క్ కన్వర్టర్ పెట్టండి. స్కూటీలో ఉన్నట్టే బెల్టు, రెండు పుల్లీలు, బండి కదిలేటప్పుడు బలం, ఊపందుకున్నాక వేగం. ఖర్చు ఎక్కువే, అయినా నేను ముందు దీనికే డబ్బు పెట్టమంటాను.

గేరింగ్ లెక్క తేలిక. క్లచ్ స్ప్రాకెట్‌కి 12 పళ్ళు, వెనక చక్రం స్ప్రాకెట్‌కి 72 పళ్ళు ఉంటే ఇంజన్ ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 19 అంగుళాల టైరుతో, ఇంజన్ 3600 ఆర్పీఎం దగ్గర ఉంటే గంటకి దాదాపు 34 మైళ్ళు. వెనకది 60 పళ్ళకి మారిస్తే 40 దాటుతుంది గానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఏడుస్తుంది. సరదాకి తిరిగే బండికి ఆరుకి ఒకటే నాకు నచ్చిన లెక్క. రెండు స్ప్రాకెట్లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో తిన్నని ఇనప బద్ద ఆనించి చూడండి, కాస్త పక్కకి జరిగినా చైన్ ఊడుతూనే ఉంటుంది.

ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే గవర్నర్‌ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడుమంది. దయచేసి తీయకండి. ఆ ఇంజన్ని 3600 ఆర్పీఎంకే కట్టడి చేసేది అదే. లోపలి కనెక్టింగ్ రాడ్, పోత ఇనుము ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) అంతకు మించి తిరగడానికి చేసినవి కావు. రాడ్ విరిగితే బ్లాకుకే బొక్క పడుతుంది, ఫ్లైవీల్ పగిలితే ముక్కలు ఎగిరేది మీ కాళ్ళ మధ్యే. తీయాల్సిందే అనుకుంటే బిల్లెట్ (గట్టి లోహపు దిమ్మ నుంచి చెక్కిన) రాడ్, బిల్లెట్ ఫ్లైవీల్ వేశాకే, దానికంటే ముందు మంచి డిస్క్ బ్రేకు వేశాకే. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే జెట్ కూడా మార్చాలి, లేకపోతే పెట్రోలు చాలక ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది.

ఇవి రోడ్డు మీద తోలే బళ్ళు కావు. మీ సొంత స్థలంలో గానీ, యజమాని ఒప్పుకున్న స్థలంలో గానీ, ఆఫ్‌రోడ్ పార్కుల్లో గానీ తోలాలి. టెక్సస్‌లో పబ్లిక్ ఆఫ్‌రోడ్ స్థలాలకి స్టిక్కర్ కొనాలి, నేషనల్ ఫారెస్టులకి వెళ్తే సైలెన్సర్‌కి నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. హెల్మెట్ పిల్లలకే కాదు, మీక్కూడా.

ఇంకో మాట, కొత్త ఇంజన్ పెట్టెలో ఆయిల్ లేకుండా వస్తుంది. 10డబ్ల్యూ-30 పోసి, డిప్‌స్టిక్‌తో చూసుకున్నాకే తాడు లాగండి.