గానుగ నూనె వ్యాపారం, పాఠం 4: సబ్సిడీ మీ పెట్టుబడి కాదండీ

పోయిన పాఠంలో ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసి పంపమన్నాను, పంపారు, సంతోషం. చదివాక తల పట్టుకున్నాను. సగం మంది 'సొంత పెట్టుబడి' గడిలో సబ్సిడీని రాసేశారు! తప్పు కొంత నాదే, అప్పుడు ఒక్క వాక్యంలో తేల్చేశాను. అందుకే ఈరోజు చెబుతానన్న జీఎస్టీ వచ్చే వారానికి.

ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), కరెంట్ అకౌంట్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార వ్యాపార లైసెన్స్) గురించి మళ్ళీ చెప్పను. ఉద్యమ్‌కి ఫీజు లేదు, ఎవరైనా డబ్బులడిగితే ఆ సైట్ మూసేయండి, అంతే.

ఇక పీఎంఈజీపీ, అంటే కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్ళకి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం. పల్లెటూళ్ళో ఒకావిడ 10 లక్షల ప్రాజెక్ట్ పెడుతోంది అనుకోండి. సొంతంగా 5 శాతం, అంటే 50 వేలు పెట్టాలి. మిగతా 9.5 లక్షలు బ్యాంకు అప్పు. సబ్సిడీ 35 శాతం, 3.5 లక్షలు. ఇది చేతికి రాదు. 3 ఏళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా కూర్చుంటుంది, దాని మీద వడ్డీ రాదు, అప్పులో అంత మేరకు వడ్డీ పడదు. యూనిట్ నిజంగా ఉందని వచ్చి చూసుకున్నాకే అప్పులో జమ అవుతుంది. అదే ప్రాజెక్ట్ టౌన్‌లో జనరల్ కేటగిరీ అబ్బాయి పెడితే సబ్సిడీ 15 శాతమే, సొంత డబ్బు 10 శాతం. ఇప్పుడు చెప్పండి, మొదటి నెల పల్లీలు దేంతో కొంటారు?

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అందరూ మిషన్ కొటేషన్ పంపుతారు, పల్లీల లెక్క ఎవరూ పంపరు. లీటరు నూనెకి రెండున్నర కిలోల దాకా పల్లీ పప్పు పోతుంది, పైగా కిరాణా కొట్టువాడు సరుకు దించుకుని "వచ్చే వారం ఇస్తాలే" అంటాడు. మొదటి ఏడాది నా గానుగ ఖాళీగా ఉండేది, బాకీల పుస్తకం మాత్రం నిండిపోయింది.

అందుకే నా పద్ధతి, కొందరికి నచ్చదు: ముందు మిషన్ వద్దు, వేరేవాళ్ళ గానుగలో కూలికి ఆడించండి.

అభ్యాసం: 25 కిలోల పప్పు ఆడించి, నూనె తేటపడ్డాక, చుట్టాలు కాని పది మందికి రొక్కానికి అమ్మండి. ఉద్దెర ఇచ్చినవి లెక్కలోకి రావు. నూనె తీశాక మిగిలే చెక్క (పిండి) పశువులున్నవాళ్ళకి ఎంతకిచ్చారో కూడా రాయండి, అది మరిచిపోతే నష్టం వచ్చిందని కంగారు పడతారు. ఆ కాగితం ఫొటో పంపాకే పాఠం 5 అడగండి.