విశ్వాస జీవన సాధన – నాలుగవ పాఠం: క్షమించే ముందు లెక్క రాసుకోవడం

గత పాఠంలో ఆనందాన్ని ఒక సాధనగా చూశాము. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం చదివి, రోజూ పడుకోబోయే ముందు దేవునికి స్తుతి చెల్లించదగిన ఒక్క సంగతినైనా నోటుపుస్తకంలో రాసుకోవాలని అనుకున్నాము. ఆ అభ్యాసాన్ని నిజాయితీగా చేసేవారు ఎక్కువగా ఒకే చోట ఆగిపోతారు. స్తుతి రాద్దామని కలం పట్టగానే ఎప్పుడో ఎవరో చేసిన అన్యాయం కళ్లముందు నిలుస్తుంది, రాయవలసిన వాక్యం అక్కడే నిలిచిపోతుంది. ఆ అడ్డును దాటకుండా ఆనందం గురించి ఎంత చెప్పినా పైపై మాటే అవుతుంది కనుక ఈ పాఠం క్షమాపణ గురించి. దీనికి బైబిలు, నోటుపుస్తకం, ఎవరూ పిలవని ఒక గంట సమయం కావాలి.

ముందుగా మత్తయి సువార్త 18వ అధ్యాయం 21 నుండి 35 వరకు వచనాలను నెమ్మదిగా చదవండి. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగినప్పుడు, ఏడుసార్లు కాదు, డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు అని చెప్పి, యేసు ఒక రాజు తన దాసుల దగ్గర లెక్క చూసుకున్న కథ చెప్పాడు. పదివేల తలాంతులు బాకీ ఉన్న దాసుణ్ణి రాజు కనికరించి విడిచిపెట్టాడు. ఆ దాసుడే బయటికి వెళ్లి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటిదాసుని గొంతు పట్టుకున్నాడు. మన సంఘాల్లో తరచుగా వినిపించే ఉపమానమే ఇది. అయితే అందులోని అంకెలను వేళ్లమీద లెక్కవేసి చూపే ప్రసంగాలు మాత్రం తక్కువ.

ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని బట్టి ఒక దేనారం ఒక కూలివాని దినకూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన పదివేల తలాంతులంటే 6 కోట్ల దినాల కూలి. సంవత్సరానికి 300 రోజులు పనిచేసే మనిషి దాన్ని తీర్చడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. దాని ముందు నూరు దేనారాలు ఆరు లక్షలలో ఒక వంతు. బోధకులు సాధారణంగా ఇక్కడే ఆగి, దేవుడు మనకు క్షమించినదాని ముందు మనుషులు మనకు చేసినది ఏపాటిది అంటారు. ఆ మాట సత్యమే, కాని సగం సత్యం. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. మూడు నెలలకు పైగా కూలి డబ్బు చేతికి రాని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించండి. యేసు ఆ రెండవ బాకీని ‘ఏమీ లేదు’ అనలేదు, దానికి ఒక అంకె వేశాడు. మీకు జరిగిన నష్టం కూడా నిజమైన నష్టమే. దాన్ని చిన్నది చేసి చూపడం మరచిపోయినట్లు నటించడమే అవుతుంది తప్ప క్షమించడం కాదు. ఎంత బాకీ ఉందో తెలియనివాడు దాన్ని కొట్టివేయలేడు. కాబట్టి ఈ పాఠంలో మనం నేర్చుకోబోయే మొదటి నైపుణ్యం లెక్క రాయడం.

అయితే ఏది కొట్టివేయాలో, ఏది కొట్టివేయనక్కరలేదో తెలియకపోతే లెక్క రాసినా ప్రయోజనం ఉండదు. ఈ తేడా తెలియడానికి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం కంటే మంచి పాఠ్యభాగం నాకు కనిపించలేదు. ఫిలిప్పీ పట్టణంలో సోదె చెప్పి యజమానులకు లాభం తెస్తున్న ఒక దాసిని పౌలు ఆమెకు పట్టిన దయ్యం నుండి విడిపించాడు. ఆదాయం పోయిన ఆ యజమానులు పౌలును, సీలను న్యాయాధిపతుల ముందుకు ఈడ్చుకొని పోయారు. విచారణ లేకుండానే వారిని బెత్తములతో కొట్టించి, లోపలి చెరసాలలో కాళ్లకు బొండ వేసి బిగించారు. మధ్యరాత్రి వారు ప్రార్థిస్తూ కీర్తనలు పాడుతున్నారు, తోటి ఖైదీలు వింటున్నారు. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నప్పుడు, ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను పొడుచుకోబోయాడు. మేమందరం ఇక్కడే ఉన్నాము, నీకు నీవు హాని చేసుకోవద్దు అని పౌలు పెద్దగా కేకవేశాడు. తన కాళ్లకు బొండ బిగించినవాని ప్రాణం పోతుంటే చూస్తూ ఊరుకొనకపోవడమే ఇక్కడ క్షమాపణ. పౌలు ఆ రాత్రి ‘నిన్ను క్షమించాను’ అన్నట్లు ఎక్కడా రాయబడలేదు. ఆ చెరసాల నాయకుడే వారి గాయాలు కడిగి, ఇంటికి తీసుకొనిపోయి భోజనం పెట్టి, ఇంటివారందరితో కలిసి ఆనందించాడు.

కథ అక్కడితో ముగిసి ఉంటే మనలో చాలామందికి నచ్చేది. తెల్లవారగానే న్యాయాధిపతులు బంట్రౌతులను పంపి, ఆ మనుషులను విడిచిపెట్టండి అని చెప్పించారు. పౌలు కదలలేదు. రోమీయులమైన మమ్మును విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా వెళ్లగొడతారా, వారే వచ్చి మమ్మును బయటికి తీసుకొనిపోవాలి అన్నాడు. వారు రోమా పౌరులని విని న్యాయాధిపతులు భయపడి, స్వయంగా వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి కీర్తనలు పాడినవాడూ, తెల్లవారి తన హక్కు అడిగినవాడూ ఒక్కడే. ఆయన న్యాయాధిపతులకు శిక్ష పడాలని కోరలేదు, నష్టపరిహారం అడగలేదు. జరిగినది అన్యాయమని దాన్ని చేసినవారే పట్టణమంతా చూస్తుండగా ఒప్పుకోవాలని మాత్రం అడిగాడు. ఆయన వెళ్లిపోయిన తర్వాత ఆ పట్టణంలోనే బ్రదకవలసిన కొత్త విశ్వాసులకు అది రక్షణ కూడా. తర్వాతి కాలంలో బంధకాలలో ఉండి ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని ఆయన రాసినది ఈ ఊరి సంఘానికే.

మన దేశంలో, మన తరంలో ఇదే తేడాను చూపినవారు గ్లాడిస్ స్టెయిన్స్. ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల మధ్య సేవచేసిన ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో వారు నిద్రిస్తున్న వాహనంతో సహా ఒక గుంపు తగులబెట్టింది. ఆమె హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పారు. ఆ మాట చెప్పి ఊరుకోలేదు, కుమార్తెతో అక్కడే ఉండి కొన్ని సంవత్సరాలు ఆ రోగుల సేవను కొనసాగించారు. 2005లో ఆమెకు పద్మశ్రీ లభించింది. ఇంకోవైపు కేసు న్యాయస్థానాలలో నడిచింది, ప్రధాన నిందితునికి పడిన జీవితఖైదును 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తన క్షమాపణ వేరు, నేరానికి చట్టం విధించే ఫలితం వేరు అన్నదే ఆమె వైఖరి.

ఈ తేడా తెలియనందువల్ల మన సంఘాల్లో జరిగే హాని తక్కువేమీ కాదు. తాగివచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకోవడానికి వచ్చిన స్త్రీకి ‘క్షమించి ఇంటికి వెళ్లమ్మా, ప్రార్థన చేద్దాం’ అని చెప్పి పంపే పెద్దలు ఫిలిప్పీ కథను మధ్యరాత్రి వరకే చదివినవారు. అటువంటి స్థితిలో ఉన్న పాఠకురాలు ఈ పాఠంలో ముందు రాబోయే, తప్పు చేసినవారితో ముఖాముఖి మాట్లాడే అభ్యాసాన్ని ప్రయత్నించవలసిన అవసరం లేదు. ముందుగా సురక్షితమైన చోటికి చేరండి. 181 అనే మహిళా సహాయ నంబరుకు ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

ఇక లెక్క రాసే పద్ధతి. నోటుపుస్తకంలో ఒక పుటను నాలుగు భాగాలు చేసి, పైన వరుసగా ‘పోయినది’, ‘నేను కోరుతున్నది’, ‘కొట్టివేస్తున్నది’, ‘కొట్టివేయనిది’ అని రాయండి. ఉదాహరణకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. తండ్రి జ్ఞాపకార్థ కూడికకు బంధువులంతా వచ్చినప్పుడు, తమ్ముడు నాన్న వైద్యానికి ఒక్క రూపాయి ఇవ్వలేదని అన్న అన్నాడు. తమ్ముడు ఇచ్చాడు, రసీదులు కూడా ఉన్నాయి. అప్పటినుండి రెండు కుటుంబాలకు రాకపోకలు లేవు. తమ్ముడు మొదటి భాగంలో బంధువుల్లో పోయిన పరువు, కలిసి చేసుకోని క్రిస్మసులు, అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు పరాయివాళ్లయిపోవడం అని రాస్తాడు. ఇది సులువుగానే వస్తుంది.

కష్టమంతా రెండవ భాగంలోనే ఉంది. అన్న క్షమాపణ అడగాలి అని రాయడానికి ఎవరూ వెనుకాడరు. దాని వెనుక ఉన్నది రాయాలి. అదే బంధువుల ముందు అతను తల దించుకోవాలి, అతని వ్యాపారం దెబ్బతినాలి, అప్పుడు నా దగ్గరికే రావాలి. విశ్వాసి చేతికి ఇది రాయడం ఇబ్బందిగా ఉంటుంది, కాని 109వ కీర్తన చదివితే ఇంతకంటె ఘాటైన కోరికలు దేవుని ముందు పలికినవారు మనకు ముందే ఉన్నారని తెలుస్తుంది. దాచిపెట్టిన కోరికను కొట్టివేయడం సాధ్యం కాదు. మూడవ భాగంలోకి వెళ్లవలసినవి ఇవే, అంటే అతను పడాలని, చెడాలని, అది నేను చూడాలని ఉన్న ఆశ. ఒక్కొక్కటి చదివి, ‘ప్రభువా, ఇది నాకు రావలసినది అని ఇక అడగను’ అని చెప్పి గీత కొట్టండి. నాలుగవ భాగంలో నిజం నిజంగానే మిగులుతుంది: నేను డబ్బు ఇచ్చాను, అన్న అన్నది అబద్ధం, దాన్ని సరిదిద్దమని అడిగే హక్కు నాకు ఉంది. ఎవరైనా అప్పు ఎగ్గొట్టి ఉంటే, ఆ సొమ్మును అడగాలా వదిలివేయాలా అన్నది కూడా ఈ భాగంలోనే ప్రశాంతంగా తేల్చుకోవచ్చు.

గీత కొట్టిన తర్వాత మనసు తేలికపడకపోతే కంగారు పడవద్దు. అదే జ్ఞాపకం ఎల్లుండి మళ్లీ వస్తుంది, అదే కోపంతో వస్తుంది. డెబ్బది ఏళ్ల మారులన్న మాటను మనం కొత్త తప్పులకు వర్తింపజేసుకుంటాము గాని, నా ఉద్దేశంలో అది ఒకే తప్పు మళ్లీ మళ్లీ జ్ఞాపకం వచ్చినప్పుడే ఎక్కువ పనికివస్తుంది. ఆ పుట తెరచి, కొట్టిన గీతమీదే ఇంకొక గీత కొట్టండి.

తర్వాతిది దాపరికం లేని మాట. మత్తయి 18:15 ప్రకారం తప్పిదం చేసిన సహోదరుని దగ్గరికి మనమే వెళ్లి, అతడును మనమును ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని తెలియజేయాలి. మన అలవాటు దీనికి తలకిందులు. ముందు వదినకు, తర్వాత సంఘ పెద్దకు, చివరికి స్త్రీల కూడికలో ‘ఫలానావారి కుటుంబం కోసం కాస్త ప్రార్థన చేయండి’ అని ప్రార్థన అంశంగా చెబుతాము. ఇక సాక్ష్యాల సమయంలో లేచి ‘నా వల్ల ఎవరికైనా నొప్పి కలిగి ఉంటే క్షమించండి’ అనడం ఎవరికీ ఏమీ చెప్పకుండా తప్పించుకోవడమే. సూటిగా చెప్పడానికి ఈ ప్రాంతంలోనే మంచి ఆదర్శం ఉంది. అప్పటికే దోర్నకల్‌లో సేవచేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మిషనరీలు ఎంతో త్యాగం చేశారని మనస్ఫూర్తిగా ఒప్పుకొని, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆ మిషనరీల ముందే అడిగారు. వెనుక గొణగలేదు, వారిని విడిచి వెళ్లిపోలేదు. 1912లో దోర్నకల్‌కు బిషప్పయి, వారితోనే కలిసి పనిచేశారు.

పై ఉదాహరణలోని తమ్ముడు చెప్పవలసిన మాటలు ఇలా ఉండవచ్చు: ‘అన్నయ్యా, ఒక మాట చెప్పాలని వచ్చాను. నాన్న జ్ఞాపకార్థ కూడికలో నేను ఆసుపత్రికి ఒక్క రూపాయి ఇవ్వలేదన్నావు. అది నిజం కాదు. ఆ మాటకు చాలా బాధపడ్డాను, ఆ కోపంతోనే నీ గడప తొక్కలేదు. ఆ కోపం దేవుని ముందు వదిలేశాను. నిజమేమిటో అత్తయ్య వాళ్లకు నువ్వు చెబితే సంతోషిస్తాను. చెప్పకపోయినా ఈ క్రిస్మసుకు పిల్లల్ని తీసుకొని మీ ఇంటికి వస్తాను.’

ఇందులో ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అన్న మాట లేదు, వదిన ప్రస్తావన లేదు, పాత ఆస్తి పంపకాలు లేవు. ‘నిన్ను క్షమించాను’ అన్న వాక్యం కూడా కావాలనే లేదు. తప్పు ఒప్పుకోనివానికి ఆ మాట మరో నిందలా వినిపిస్తుంది. అన్న ఒప్పుకోకపోవచ్చు, రసీదులు చూపించమని ఎదురు అడగవచ్చు. క్షమించడం ఒక్కరి వల్ల అవుతుంది, సమాధానపడడానికి ఇద్దరూ కావాలి. ఆ రెండవది జరగలేదని మొదటిదాన్ని వెనక్కి తీసుకోకండి.

దక్షిణ ఇండియా సంఘం 1950లో ప్రచురించిన ప్రభురాత్రి భోజన ఆరాధన క్రమంలో, సమాధానాన్ని, అంటే శాంతి శుభాకాంక్షను, బల్ల దగ్గరనుండి చేతినుండి చేతికి సంఘమంతటికీ అందించే పద్ధతి ఉంది. ఇచ్చేవారి కుడి అరచేయి తీసుకునేవారి కుడి అరచేతిని తాకుతుంది, ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతిమీద మూస్తారు. మీ సంఘంలో ఈ ఆచారం ఉంటే, వచ్చే సంస్కారపు ఆదివారం ఎవరి పక్కన కూర్చోకుండా తప్పించుకుంటున్నారో గమనించండి. నోటుపుస్తకంలో రాయవలసిన పేరు కోసం వెతకనక్కరలేదు.

ఈ వారం అభ్యాసం: ఒక్క మనిషిని, ఒక్క సంఘటనను మాత్రమే తీసుకోండి. అన్నిటికంటె పెద్ద గాయంతో మొదలుపెట్టవద్దు, ఒక మోస్తరు బాకీతో చేయి తిప్పుకోండి. మొదటి రోజు నాలుగు భాగాలూ రాయండి. మధ్య రోజుల్లో జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ గీత కొట్టండి, రాత్రి స్తుతి వాక్యాన్ని మాత్రం మానవద్దు. వారం చివర చెప్పవలసిన మాటలను ఐదారు వాక్యాలకు మించకుండా రాసి, పైకి చదివి చూసుకోండి. గొంతు ఎక్కడ గట్టిపడుతుందో అక్కడ ఇంకా ఏదో రెండవ భాగంలో రాయకుండా మిగిలి ఉంది. అది రాసి కొట్టివేసిన తర్వాతే వెళ్లండి. ఆ పుటను ఎవరికీ చూపవద్దు, పని అయ్యాక చించివేయండి.

ఐదవ పాఠంలో మనమే బాకీదారులమైనప్పుడు ఏమి చేయాలో చూద్దాము. దానికి ముందుగా లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య వృత్తాంతం చదివి, అన్యాయంగా తీసుకొన్నదానికి అతను ఎన్నంతలు తిరిగి ఇస్తానన్నాడో నోటుపుస్తకంలో రాసుకొని ఉండండి.