బోల్ట్ హెడ్ నంబర్ చూసి కొనకండి

పాత లీ-ఎన్‌ఫీల్డ్ నం. 4 (బ్రిటిష్ సైనిక) రైఫిల్ ఉన్నవాళ్లకు ఓ తలనొప్పి: బోల్ట్ హెడ్ (తూటా వెనక మూసే బోల్ట్‌కి ముందు కొనన బిగించే ముక్క) అరిగిందని పెద్ద నంబర్‌ది తెప్పిస్తే, పాతదానికీ దానికీ పొడవులో పెద్ద తేడా ఉండకపోవచ్చు. 0 నుంచి 3 వరకు నంబర్లు కొట్టి ఉన్నా, కొలతలు అంత కచ్చితంగా ఉండవు. డబ్బులు దండగ.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాని బయటికి లాగే కొక్కెం) తీసేసి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) 0.074 అంగుళాల ఫీల్డ్ గేజ్ (ఖాళీ ఎంతుందో చూసే కొలత ముక్క) పెట్టి బోల్ట్‌ని వేలితో మెల్లగా మూయండి. మూసుకుందంటే ఇంకా పొడవైన హెడ్ కావాలి. పాత హెడ్‌ని విప్పి, ముందు ముఖం నుంచి వెనక భుజం దాకా మైక్రోమీటర్‌తో కొలవండి. అమ్మేవాళ్లను నంబర్ కాదు, ఇలా కొలిచిన పొడవే అడగండి; అది పాతదానికన్నా ఎక్కువ ఉండాలి. అడిగితే చాలామంది కొలిచి చెబుతారు. కొత్తది బిగించాక 0.064 గేజ్ మీద బోల్ట్ హాయిగా మూసుకోవాలి.

అయితే హెడ్‌ని చేత్తో బిగించినప్పుడు బోల్ట్ రిబ్‌ని (బోల్ట్ మీద పొడవునా ఉండే గట్టుని) దాటి బాగా పక్కకు తిరిగిపోతుంటే ఈ పద్ధతి పనికిరాదు. కొలత సరిపోయినా ఆ జత వాడకూడదు, గన్‌స్మిత్‌కి చూపించాల్సిందే. అంతకుముందు తరం నం. 1 రైఫిళ్లకు ఈ నంబర్ల పద్ధతే లేదు.