దుబాయిలో అద్దాల పనికి కొత్తగా వచ్చినవారికి

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి ఉపాధికి దుబాయి చేరేవారిలో చాలామంది క్లీనింగ్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. వారిలో కొందరిని భవనాల అద్దాలు శుభ్రం చేయడానికి పంపుతారు. సూపర్‌వైజర్ మీ పనిని కింద నిలబడి చూస్తారు. అంత దూరం నుంచి ఏ అద్దమైనా మెరుస్తున్నట్టే ఉంటుంది. లోపల ఆ అద్దం పక్కనే బల్ల వేసుకుని కూర్చున్న ఉద్యోగికి మాత్రం మూలలో మిగిలిన మట్టి, అంచు వెంట జారిన నీటి చార రోజంతా కనిపిస్తూనే ఉంటాయి. పని పూర్తయిందో లేదో ఆయన కుర్చీలో కూర్చుని చూసినట్టుగా చూసి తేల్చుకోండి.

ఇక్కడి దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. చలికాలం రాత్రిపూట మంచుకు అది తడిసి, పొద్దున్నకల్లా చారలుగా గట్టిపడుతుంది. పొడిగుడ్డతో రుద్దారంటే అద్దంపై గీతలు పడతాయి, ఆ గీతలు మళ్లీ పోవు. ముందు నీళ్లు ధారాళంగా పట్టించి ఇసుకను జారనివ్వాలి. ఆ తర్వాతే సబ్బునీళ్లతో రుద్ది, స్క్వీజీతో (రబ్బరు అంచున్న పిడితో) నీటిని లాగాలి. లాగిన ప్రతిసారీ రబ్బరు అంచు తుడుచుకోవాలి. లాగినచోట దారంలా నీరు మిగులుతోందంటే రబ్బరు ఎక్కడో తెగిందన్నమాట. దాన్ని తిప్పి వేయండి, రెండో అంచూ పాడైతే కొత్తది అడిగి తీసుకోండి. ‘ఈ పూటకు ఇలా కానిద్దాం’ అనే మాట సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. అది అలవాటైతే మూలలు వదిలేయడం, మురికినీళ్లతోనే ఇంకో అంతస్తు లాగించడం వాటంతటవే వస్తాయి. స్క్వీజీ లాగడం ఎవరైనా కొద్దిరోజుల్లో నేర్చుకుంటారు. అంచుల్లో నిలిచిన తడిని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దేవాడినే నేను మంచి పనివాడంటాను.

వేడెక్కిన అద్దంపై సబ్బునీరు లాగేలోపే ఎండి మరకలు కడుతుంది. అందుకే ఉదయం పడమటి వైపు, మధ్యాహ్నం తర్వాత తూర్పు వైపు చేయడం మేలు. వరుస నిర్ణయించేది సూపర్‌వైజరే అయినా ఈ మాట మర్యాదగా చెప్పి చూడండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ వేళ పని ఆపినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

కొత్త భవనాల అద్దాలపై సిమెంటు, రంగు చుక్కలు ఉంటాయి. స్క్రేపర్ (గీకి తీసే బ్లేడు) వాడాల్సి వస్తే అద్దం తడిగా ఉండాలి, బ్లేడు కొత్తదై ఉండాలి, ముందుకు మాత్రమే తోయాలి. పైపూత ఉన్న అద్దంపై, గట్టిపరచిన అద్దంపై స్క్రేపర్‌తో గీతలు పడే ప్రమాదం ఎక్కువ. అడగకుండా వాడవద్దు. పని మొదలుపెట్టేముందే పాత గీతలు కనిపిస్తే చూపించండి. మీ చేతిలో గీత పడితే ఆ రోజే చెప్పండి. దాచిన గీత బయటపడిన రోజున తోటి పనివారందరి మీదా అనుమానం పడుతుంది.

ఎత్తు విషయంలో మొహమాటం అసలే పనికిరాదు. తాళ్ల మీద పనిచేసేవారికి రెండు తాళ్లు ఉండాలి, ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి. రెండింటినీ వేర్వేరు చోట్ల కట్టి ఉంచాలి. శిక్షణ లేకుండా తాడు మీదికి దిగమంటే దిగవద్దు. క్రేడిల్ (భవనం పైనుంచి వేలాడే తొట్టి) ఎక్కితే హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు) కొక్కెం తగిలించాకే అది కదలాలి. బకెట్, స్క్వీజీ కూడా తాడుతో కట్టి ఉండాలి, కింద మనుషులు నడవకుండా అడ్డు పెట్టి ఉండాలి. గాలి పెరిగితే దిగిపోండి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అయినా, మూడంతస్తుల దుకాణమైనా ఇందులో తేడా లేదు. ‘భయపడుతున్నాడు’ అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. జాగ్రత్తలు లేనిచోట పని వద్దనడం కూడా పనితనంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అద్దం అవతల ఎవరిదో ఇల్లు, ఎవరిదో పడకగది. చూపు అద్దం మీదే నిలపండి, ఫోను జేబులోనే ఉండనివ్వండి. అనుమతి లేకుండా మనుషుల ఫొటో తీయడం ఇక్కడ నేరం. విల్లాలకు వెళ్లినప్పుడు గంట కొట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడండి. కిటికీ దగ్గరి వస్తువు కదిపితే ఉన్నచోటే పెట్టండి. రంజాన్ నెలలో పగటిపూట నలుగురి ఎదుట తినడం, తాగడం మానుకోవడం మర్యాద. దాహమైతే ఆగవద్దు, పక్కకు వెళ్లి తాగండి.

ఇంత నిజాయతీగా పనిచేసేవారు తమ హక్కులు వదులుకోకూడదు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, కంపెనీ అట్టిపెట్టుకోవడం చట్టవిరుద్ధం. నియామకం ఖర్చును మీ జీతంలో కోయకూడదు. ఒప్పందం ప్రతిని ఫొటో తీసి ఇంటికి పంపండి. ఓవర్‌టైం గంటలను రోజూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, జీతం పడిన రోజున ఆ లెక్కతో సరిచూసుకుని, తేడా వస్తే ఆ నెలలోనే అడగండి.