చామదుంపల వేపుడు ముద్దవకుండా ఉండాలంటే
శ్రీకాకుళం రైతుబజారులో చామదుంపలు కొనేటప్పుడు ఒకే పరిమాణంలో ఉన్న చిన్నవాటిని ఏరుకుంటే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. కొద్దిగా చింతపండు వేసిన నీళ్లలో ఉడికించి, చాకు దిగీ దిగనట్టుగా ఉన్నప్పుడే దించి, తొక్క తీసి, ముక్కలను పళ్లెంలో విడివిడిగా పరచి అరగంట ఆరనివ్వాలి. వేపుడు ముద్దగా మారడానికి చాలావరకు కారణం ఆ తడే. అరకిలో ముక్కలకు 2 చెంచాల బియ్యప్పిండి, చిటికెడు పసుపు పట్టించి, ఇనుప మూకుడులో కాగిన నువ్వుల నూనెలో ఒకే వరుసగా పేర్చాక, అడుగు ఎర్రబడి ముక్కలు తమంతట తామే మూకుడును వదిలేదాకా అట్లకాడ పెట్టకూడదు. మా ఇంట్లో వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కలిపి బరకగా దంచిన పొడిని, ఉప్పును దించే ముందు మాత్రమే చల్లుతాము, ఎందుకంటే ముందే వేస్తే నువ్వులు మాడి చేదెక్కుతాయి, ఉప్పు వల్ల ముక్కలు చెమ్మగిల్లుతాయి.