స్ప్రింగ్ పాఠాలు, 7వ భాగం: లిస్ట్ అడిగితే ఏ లిస్ట్ వచ్చింది?

స్ప్రింగ్ అంటే జావా యాప్‌లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్. పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. మూడు ఊర్ల పేర్లతో ఒక లిస్ట్<స్ట్రింగ్> కట్టి @బీన్‌గా (స్ప్రింగ్ తయారుచేసి తన దగ్గర ఉంచుకునే వస్తువుగా) పెట్టండి, దాన్ని టికెట్ సర్వీస్ కన్‌స్ట్రక్టర్‌లోకి తెప్పించుకోండి, యాప్ లేవగానే ప్రింట్ చేయండి అన్నాను. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి రావాలి. కొందరికి వచ్చాయి. చాలామందికి లిస్ట్‌లో ఒక్కటే పేరు వచ్చింది, అదీ ఊరి పేరు కాదు. "మా బస్సు యాప్" అని వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. యాప్ నిక్షేపంగా నడుస్తోంది.

మీరు పంపినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోయింది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి చేసినవాళ్లకు సరిగ్గా వచ్చింది. మూడో పాఠంలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్‌లోనే కొనసాగించినవాళ్లకు తేడా కొట్టింది. ఆ పాఠంలో యాప్ టైటిల్‌ని స్ట్రింగ్ టైప్ @బీన్‌గా పెట్టాం కదా, ఇప్పుడు అడ్డం పడింది అదే. ఈ వారం మ్యాప్, సెట్ సంగతులు తీరిగ్గా చూద్దామనుకున్నాను గానీ, ఈ చిక్కు విప్పకుండా అటు పోతే అక్కడా ఇదే దెబ్బ తింటారు.

కన్‌స్ట్రక్టర్‌లో లిస్ట్<స్ట్రింగ్> అని రాస్తే మీరు అనుకునేది "నేను కట్టిన ఆ లిస్ట్ ఇవ్వు" అని. స్ప్రింగ్‌కి వినపడేది "నీ దగ్గరున్న స్ట్రింగ్ బీన్లన్నీ ఏరి ఒక లిస్ట్‌గా కట్టి ఇవ్వు" అని. కిరాణా కొట్లో కట్టించి పక్కన పెట్టుకున్న సంచి అడిగితే, కొట్టువాడు ఇంకో సంచి తీసి కొట్లో ఉన్న సరుకు నింపి ఇచ్చినట్టు. ఆరో పాఠంలో మెసేజ్ పంపే క్లాసులన్నీ ఒక లిస్ట్‌గా వాటంతటవే వచ్చి కూర్చున్నప్పుడు మనం మెచ్చుకున్నది ఈ గుణాన్నే. ఎస్ఎంఎస్, ఈమెయిల్ క్లాసులు రెండూ ఒకే ఇంటర్‌ఫేస్‌వి కాబట్టి లిస్ట్ అడగ్గానే రెండూ వచ్చాయి. స్ట్రింగ్ విషయంలోనూ స్ప్రింగ్ అదే పని చేసింది. దానికి స్ట్రింగ్ కూడా ఒక టైపే.

వెతికే వరుస ఇది. ముందు ఎలిమెంట్ టైప్‌కి సరిపడే బీన్లు ఉన్నాయేమో చూస్తుంది. ఒక్కటి దొరికినా చాలు, దానితోనే లిస్ట్ కట్టేసి ఇచ్చేస్తుంది. ఒక్కటీ దొరక్కపోతేనే "పోనీ, లిస్టే ఒక బీన్‌గా ఉందా" అని చూస్తుంది. ఈ రెండో మెట్టు కూడా స్ప్రింగ్ 4.3 నుంచి వచ్చిందే. అంతకుముందు వెర్షన్లలో ఇలా రాస్తే యాప్ లేవనే లేవదు. కొత్త ప్రాజెక్ట్‌లో స్ట్రింగ్ బీన్ ఒక్కటీ లేదు కాబట్టి రెండో మెట్టు దాకా వెళ్లింది, మీ ఊర్లు వచ్చాయి. పాత ప్రాజెక్ట్‌లో మొదటి మెట్టులోనే టైటిల్ దొరికింది, అక్కడే ఆగిపోయింది. కొన్ని వెర్షన్లలో పరామీటర్ పేరు, బీన్ పేరు ఒకటే అయితే పని జరిగిపోవచ్చు. దాన్ని నమ్ముకోకండి, రేపెవరో పేరు మారుస్తారు.

మ్యాప్<స్ట్రింగ్, స్ట్రింగ్> అడిగినా ఇదే కథ. బీన్ పేరు కీ అవుతుంది, బీన్ విలువ అవుతుంది. మీరు కట్టిన మ్యాప్‌కి బదులు టైటిల్ బీన్ పేరు, దాని పక్కన "మా బస్సు యాప్" ఉన్న మ్యాప్ ఒకటి చేతికొస్తుంది.

దీనికి తాత్కాలిక మందు రెండు రకాలు. కన్‌స్ట్రక్టర్ పరామీటర్ మీద @క్వాలిఫయర్ పెట్టి బీన్ పేరు చెప్పడం ఒకటి, ఫీల్డ్ మీదో సెట్టర్ మీదో @రిసోర్స్ పెట్టి పేరుతో పిలవడం ఇంకొకటి. @రిసోర్స్ కన్‌స్ట్రక్టర్ పరామీటర్ మీద కుదరదు. ఈ రెండూ నేను వాడను. నా లెక్కలో స్ట్రింగ్, ఇంటిజర్, వాటి లిస్టులు అసలు బీన్లుగా ఉండకూడదు. ప్రపంచంలో ప్రతి లైబ్రరీ వాడే టైప్‌ని కంటైనర్‌లో, అంటే స్ప్రింగ్ బీన్లు దాచుకునే చోట, వదిలితే అది ఎక్కడ ఎవరికి తగులుకుంటుందో చెప్పలేం. సొంత టైప్ ఒకటి చేసి విలువలు అందులో పెట్టండి. బస్సు వివరాలు అని ఒక రికార్డ్, అందులో ఊర్ల లిస్ట్. సర్వీస్ ఆ రికార్డ్‌నే అడుగుతుంది. ఆ టైప్ ప్రాజెక్ట్ మొత్తంలో ఒక్కటే ఉంటుంది కాబట్టి తికమకకి తావే లేదు.

కోడ్ మొత్తం పెట్టమని అడిగినవాళ్లకి మళ్లీ చెప్తున్నాను, ఈ పాఠాల్లో కోడ్ మాటల్లోనే ఉంటుంది. పెడితే కాపీ చేస్తారు, కాపీ చేసింది చదవరు.

ఇక విలువలు కోడ్‌లో కాకుండా యామిల్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఉండాలి. రికార్డ్ మీద @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ పెట్టి ప్రిఫిక్స్ (ఫైల్‌లో ఆ విలువల ముందుండే పేరు) ఇవ్వండి. ప్రిఫిక్స్ అంతా చిన్న అక్షరాల్లో ఉండాలి, క్యాపిటల్ ఉంటే స్ప్రింగ్ బూట్ (స్ప్రింగ్ యాప్‌ని సెట్టింగులతో సహా సిద్ధం చేసి లేపేది) ఒప్పుకోదు. మెయిన్ క్లాస్ మీద @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్‌స్కాన్ పెట్టండి. ఫైల్‌లో ప్రిఫిక్స్ కింద ఊర్లు అని రాసి, దాని కింద గీతకో ఊరు. అంతే. రికార్డ్ మీద @కాంపొనెంట్ కూడా తగిలించకండి. తగిలిస్తే ఆ రికార్డ్ మామూలు బీన్ అయిపోతుంది, కన్‌స్ట్రక్టర్‌కి లిస్ట్ కావాలి కాబట్టి స్ప్రింగ్ మళ్లీ స్ట్రింగ్ బీన్ల వేటకి బయల్దేరుతుంది. దొరక్కపోతే "లిస్ట్ టైప్ బీన్ కావాలి, దొరకలేదు" అని ఆగిపోతుంది, అది అదృష్టం. దొరికినా ఫైల్‌లో రాసిన మీ ఊర్లు మాత్రం రావు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. చాలామంది రికార్డ్ ఎందుకులే అని @వాల్యూతో లాగించేద్దామనుకుంటారు. డాలర్, మీసాల బ్రాకెట్లు, మధ్యలో కీ పేరు. ఫైల్‌లో ఊర్లు ఒకే లైన్లో కామాలతో రాసి ఉంటే బూట్‌లో ఇది పనిచేస్తుంది. కామా దగ్గర విడగొట్టి, చుట్టూ ఉన్న ఖాళీలు కూడా కత్తిరించి లిస్ట్ ఇస్తుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఎవరో ఫైల్ అందంగా ఉండాలని ఆ లైన్‌ని గీతల లిస్ట్‌గా మారుస్తారు. యాప్ ఆగిపోతుంది, ప్లేస్‌హోల్డర్, అంటే ఆ బ్రాకెట్లలో రాసిన కీ, దొరకలేదు అంటుంది. ఎదురుగా ఫైల్‌లో కీ కనిపిస్తూనే ఉంది, దొరకలేదంటుందేమిటి?

ఎందుకంటే బూట్ యామిల్‌ని చదివి చదునుగా పరుస్తుంది. గీతల లిస్ట్‌లో మూడు ఊర్లుంటే, ఊర్లు[0], ఊర్లు[1], ఊర్లు[2] అని మూడు వేర్వేరు కీలు తయారవుతాయి. ఊర్లు అనే ఒంటరి కీ అక్కడ లేనే లేదు. @వాల్యూ ఒక్క కీనే అడుగుతుంది, సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ పోగేసే పని దానిది కాదు. పోగేసేది @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్.

ఇంతవరకైతే నాకు కోపం లేదు, ఎర్రర్ వచ్చింది, వెతుక్కుంటారు. కానీ ఎక్కడో చూసి కీ పేరు పక్కన ఒక కోలన్ పెడతారు, "విలువ లేకపోతే ఖాళీ తీసుకో" అని. ఎర్రర్ మాయం. అందరూ సంతోషం. లిస్ట్‌లో మాత్రం సున్నా ఊర్లు. ఖాళీ స్ట్రింగ్‌ని లిస్ట్‌గా మారిస్తే ఖాళీ లిస్టే వస్తుంది మరి. ఇప్పుడా ఖాళీ లిస్ట్ మీద ఫర్ లూప్ తిరుగుతుంది, అంటే తిరగదు. టెస్ట్‌లో లూప్ లోపల చెకింగ్ రాసి ఉంటే అది కూడా పాస్ అయిపోతుంది. విజయవాడ బస్సుకి టికెట్ ఎందుకు దొరకట్లేదని ఎవరో ఫోన్ చేసేదాకా తెలియదు. ఆ కోలన్ మీ ప్రాజెక్ట్‌లో ఎక్కడెక్కడుందో ఇప్పుడే వెతకండి. లిస్ట్ పక్కన కనిపించిన ప్రతిచోటా తీసేసి యాప్‌ని లేపి చూడండి. ఆగిపోతే మంచిదే, దొంగ దొరికాడు. ఖాళీగా ఉండడం నిజంగా సబబైన చోటు ఉంటే ఉండొచ్చు, కానీ అది మీరు ఆలోచించి పెట్టింది అయ్యుండాలి, ఎర్రర్ నోరు మూయడానికి పెట్టింది కాదు.

బూట్ లేని పాత స్ప్రింగ్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లకి ఇంకో మెలిక. కన్వర్షన్ సర్వీస్ (విలువని ఒక టైప్ నుంచి ఇంకో టైప్‌కి మార్చేది) పెట్టకపోతే కామాల లైన్‌ని విడగొట్టకుండా, ఆ మొత్తం లైన్‌నే ఒక ఎలిమెంట్‌గా లిస్ట్‌లో పెడుతుంది. సైజ్ ఒకటి. అదే స్ట్రింగ్ అరే అయితే విడిపోతుంది. స్ప్లిట్ పెట్టి స్పెల్‌లో (స్ప్రింగ్ ఎక్స్‌ప్రెషన్ భాషలో) రాసేవాళ్లు గుర్తుంచుకోండి, స్ప్లిట్ ఖాళీలు కత్తిరించదు. కామా తర్వాత స్పేస్ ఇచ్చి ఉంటే " గుంటూరు" అని ముందు ఖాళీతో వస్తుంది, పోలిస్తే కలవదు.

మ్యాప్‌కి వద్దాం. బుకింగ్ ఆఫీసుల ల్యాండ్‌లైన్ కోసం ఊరు, దాని ఎస్టీడీ కోడ్ పెట్టుకుందాం. కీలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాయండి. విజయవాడకి 0866, గుంటూరుకి 0863, విశాఖకి 0891, హైదరాబాద్‌కి 040. రికార్డ్‌లో మ్యాప్<స్ట్రింగ్, స్ట్రింగ్>. ప్రింట్ చేయండి. మూడు ఊర్లు సరిగ్గా వస్తాయి, హైదరాబాద్ పక్కన 32 వస్తుంది.

బూట్ వాడే స్నేక్‌యామిల్ లైబ్రరీ ఫైల్‌ని యామిల్ పాత 1.1 నియమాలతో చదువుతుంది. సున్నాతో మొదలై మిగతావన్నీ 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలైతే దాన్ని ఆక్టల్ (పదులకి బదులు ఎనిమిదుల్లో లెక్కపెట్టే) సంఖ్య అనుకుంటుంది. ఆక్టల్‌లో 40 అంటే నాలుగు ఎనిమిదులు, 32. మిగతా మూడింటిలో 8 ఉంది, ఆక్టల్‌లో 8 ఉండదు కాబట్టి అవి సంఖ్య కాదని స్ట్రింగ్‌గా వదిలేసింది. విజయవాడ, విశాఖ పెట్టి టెస్ట్ చేసినవాడికి ఈ తప్పు జన్మలో కనపడదు. మ్యాప్‌లో విలువ స్ట్రింగ్ అని మీరు రాసుకున్నా లాభం లేదు, అప్పటికే 32 అయిపోయింది, ఆ 32నే స్ట్రింగ్ చేసి ఇస్తుంది. కోడ్‌లన్నిటికీ కోట్స్ పెట్టండి, అవసరమున్నదానికి మాత్రమే కాదు, అన్నిటికీ. ఏసీ ఉందా అన్నచోట కోట్స్ లేకుండా నో అని ఇంగ్లీష్‌లో రాస్తే ఫాల్స్ అవడం కూడా ఈ జాతి తప్పే.

కీలో అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క తప్ప ఇంకేదైనా ఉంటే, ఉదాహరణకి స్లాష్, ఆ కీని చదరపు బ్రాకెట్లలో పెట్టి మొత్తానికి కోట్స్ తగిలించండి. లేకపోతే ఆ గుర్తు రాలిపోతుంది. విలువల్లో తెలుగు అక్షరాలు కావాలంటే యామిల్ ఫైలే వాడండి. ప్రాపర్టీస్ ఫైల్‌ని బూట్ మామూలుగా ఐఎస్ఓ-8859-1 అనే, తెలుగు లేని అక్షరాల పద్ధతిలో చదువుతుంది, విజయవాడ కాస్తా పిచ్చిగీతలవుతుంది.

సెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకే పేరు రెండుసార్లు రాస్తే ఒకటే మిగులుతుంది, ఫైల్‌లో రాసిన వరుస నిలుస్తుంది. అయితే కన్‌స్ట్రక్టర్‌లో దాన్ని మార్చకుండా బిగించడానికి సెట్ డాట్ కాపీఆఫ్ వాడితే ఆ వరుస పోతుంది. మ్యాప్ డాట్ కాపీఆఫ్‌తోనూ అంతే. ఒకసారి ఒక వరుస, యాప్ మళ్లీ లేపితే ఇంకో వరుస రావొచ్చు. లిస్ట్ డాట్ కాపీఆఫ్‌కి ఈ బెడద లేదు. నేను లిస్ట్‌కి కాపీఆఫ్, మ్యాప్‌కి లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ చేసి దాని మీద అన్‌మాడిఫయబుల్ తొడుగుతాను. బిగించడం ఎందుకంటే, ఆ రికార్డ్ యాప్ అంతటికీ ఒక్కటే. ఒక సర్వీస్ ఎక్కడో ఒక ఊరు యాడ్ చేస్తే అన్ని సర్వీసులకూ ఆ ఊరు వచ్చేస్తుంది. ఫైల్‌లో కీ అసలు లేకపోతే లిస్ట్ నల్‌గా వస్తుందని, కాపీఆఫ్ నల్‌ని ఒప్పుకోదని మర్చిపోకండి.

బీన్లని ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాసుకునేవాళ్లకి ఒక్క ముక్క. అక్కడ లిస్ట్, సెట్, మ్యాప్, ప్రాప్స్ అని ట్యాగులే ఉన్నాయి, వాటిలో రాసిందే వస్తుంది, ఈ ఏరివేత గొడవ ఉండదు. బీన్ ఇవ్వాల్సిన చోట రెఫ్ బదులు వాల్యూ ట్యాగ్ రాయకండి, లిస్ట్‌కి టైప్ చెప్పకపోతే బీన్ పేరు ఉత్త అక్షరాలుగా లోపలికి పోయి కూర్చుంటుంది. పేరెంట్ లిస్ట్‌తో కలపాలంటే మెర్జ్ అన్నది చైల్డ్ వైపు పెట్టాలి, పేరెంట్‌కి పెడితే ఉపయోగం లేదు.

ప్రొఫైల్ ఫైల్ (డెవలప్‌మెంట్ లాంటి ఒక్కో సందర్భానికి విడిగా పెట్టే సెట్టింగుల ఫైల్) సంగతి. అసలు ఫైల్‌లో మూడు ఊర్లు, డెవ్ ప్రొఫైల్‌లో ఒక ఊరు రాస్తే నాలుగు కావు, ఒక్కటే. లిస్ట్ మొత్తం తీసి కొత్తది పెడుతుంది. మ్యాప్ అలా కాదు, కీలు కలుస్తాయి, రెండుచోట్లా ఉన్న కీకి ప్రొఫైల్‌లోది గెలుస్తుంది.

ఈసారి అభ్యాసం పాత ప్రాజెక్ట్‌లోనే చేయాలి, కొత్తది తెరవొద్దు. టైటిల్ బీన్ తీసేయకుండానే మొదట ఆ తప్పు మళ్లీ తెప్పించండి. తర్వాత రికార్డ్‌కి మార్చి, ఊర్ల లిస్ట్ ఖాళీగా ఉంటే యాప్ లేవకుండా చేయండి. హైదరాబాద్ కోడ్ 040గానే ఉందని చెప్పే టెస్ట్ ఒకటి రాయండి, కోట్స్ తీసినప్పుడు అది ఫెయిల్ అవడం కళ్లారా చూడండి. ఆఖర్న జిల్లా పేరు కీగా, ఆ జిల్లా ఊర్ల లిస్ట్ విలువగా ఒక మ్యాప్ పెట్టండి. అసలు ఫైల్‌లో కృష్ణా, గుంటూరు జిల్లాలు, ఒక్కోదాంట్లో మూడేసి ఊర్లు. డెవ్ ప్రొఫైల్‌లో గుంటూరు జిల్లా ఒక్కటే, దాంట్లో తెనాలి ఒక్కటే. యాప్ లేపకముందే ఏం వస్తుందో కాగితం మీద రాయండి, ఆ కాగితం ఫొటో కూడా పంపండి. జవాబు ఒక్కటే పంపితే చూడను.